కంటికి ఆనని పొర

1955 జనవరి 9, ఆదివారం

ఈ రోజు చర్చికి పోలేదు. పొద్దున్నే బనగానపల్లె బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి నడిచి జుర్రేరు వాగుకు చేరాం. ఆయన ఏడాదిగా చెబుతున్న తెల్లపొరను చివరికి నా కళ్ళతో చూశాను. వాగు గట్టు కోసుకుపోయిన చోట పైన ఎర్రమట్టి, కింద ఎర్రమట్టి, నడుమ మనిషి ఎత్తున తెల్లటి మన్ను. ముగ్గుపిండిని ఎవరో కుప్పపోసి అదిమినట్లుంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు దాన్ని గంపలకెత్తుకుపోయి గిన్నెలు తోముకుంటారట. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా ఉంది. ఆయన చెప్పాడని కొంచెం పంటికింద వేసుకున్నాను. గరగరలాడింది.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ పొరను అరచేత్తో తడుముతూ అడిగాడు.

"కృపా, అడుగున గీత గీసినట్లుండాదా, కింది మట్టిలోకి కలిసిపోయినట్లుండాదా?"

"గీసినట్లే ఉండాది. మీకు కనపడలేదా?"

"ఎండ కండ్లల్లో పడతాండాది."

ఎండ మా వీపుల మీద ఉంది.

జనవరి 17

గనుల ఆఫీసులో ఈ రోజు మళ్ళీ అదే మాట జరిగిందట. వెంకటేశ్వర్లు సారు మంచివాడు. రాజధాని కర్నూలుకు వచ్చిన కొత్తలో డేరాల్లో ఒకే బల్ల దగ్గర ఇద్దరూ చెమటలు కారుస్తూ పనిచేసినవాళ్ళు. ఆయన పై ఆఫీసరు అయినా ఈయనను తమ్ముడిలాగే చూస్తాడు. తెల్లపొర మాటెత్తితే మాత్రం నవ్వేస్తాడు.

"అగ్నిపర్వతం బూడిద అంటావే, ఈ జిల్లాలో అగ్నిపర్వతం యాడుండాదప్పా? గడ్డి కాలినా అట్లాంటి గాజు నలకలే మిగులుతాయి. పో, సున్నపు మట్టి అని రాసేయ్."

అక్కడ నోట్లోనే ఆగిపోయిన జవాబు ఈయన ఇంటికొచ్చి నాకు చెప్పాడు. వంటింటి గడప మీద కూర్చుని, చేతులు తిప్పుతూ.

"సున్నమైతే ఆసిడ్ చుక్కకు పొంగాల గదా? ఇది పొంగదు. పర్వతం ఈడనే ఎందుకుండాల? తూర్పు దీవుల్లో యాడో పేలింటాది, మనుషులు రాతి ముక్కల్తో ఏటాడే కాలంలో. అంత బూడిద లేస్తే గాలి ఊరుకుంటాదా? సముద్రం దాటించి తెచ్చింటాది. పైనుంచి పడింది జుర్రేరు మీద ఒక్కదాని మీదే పడదు కృపా. కడప మీద పడింటాది, బద్వేలు మీద పడింటాది. వాగు కూడదీసింది గాబట్టి అక్కడ అంత మందం. తక్కిన చోట్ల మట్టిలో కలిసిపోయి కంటికి ఆనకుండా ఉంటాది. దాన్ని పట్టుకుంటే సారు నోరు మూతపడతాది."

దొరికినట్లే మాట్లాడుతున్నాడు. నేను పప్పు రుబ్బడం ఆపి వింటూ కూర్చున్నాను. పెళ్ళయిన కొత్తలోనూ ఇట్లాగే వినేదాన్ని.

జనవరి 30

నేను పాఠాలు చెప్పే స్కూలు మైక్రోస్కోపును ఇంటికి తెచ్చుకోవడానికి పెద్ద టీచరమ్మ ఒప్పుకుంది. మద్రాసులో చదివేటప్పటి పొగరంగు పలకలు రెండు ఆయన పెట్టెలో ఉన్నాయి. ఒకటి స్లైడు కింద, ఒకటి పైన అడ్డంగా పెడితే మామూలు రాతి నలుసు మెరుస్తుందట, గాజు నలుసు నల్లబడిపోతుందట.

ఆయన కన్ను పెట్టి చూసి, అద్దం మసకబారింది అన్నాడు. తుడిచాను. ఇంకా మసకే అన్నాడు. మళ్ళీ తుడిచాను. మూడోసారి నేను గుడ్డ తీసుకునేలోపు నా మణికట్టు పట్టుకున్నాడు.

"చాల్లే. నువ్వు చూసి చెప్పు."

ఫిబ్రవరి 12

వీధిలో ఎలక్షన్ల గోల. ఆయన తెరిచిన తలుపు అంచుకు కొట్టుకున్నాడు, నుదురు చిట్లింది. మద్రాసు పోదామన్నాను. వెంటనే సరే అన్నాడు. వెంటనే అన్నందుకే భయం వేసింది.

ఫిబ్రవరి 24

మద్రాసు పోయి వచ్చాం. పెద్ద డాక్టరు చూశాడు. నీటికాసులట, కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బట. చుక్కలమందు రాసిచ్చాడు. వేసవి పోనిచ్చి ఆపరేషను సంగతి చూద్దామన్నాడు.

ఫిబ్రవరి 25

వేసవి పోతే ఆపరేషను.

మార్చి 6, ఆదివారం

ఈ రోజు రాసిపెట్టుకోవాలి.

పోయినేడు ఆఫీసు మైక్రోస్కోపులో జుర్రేరు పొడిని ఆయన ఒకసారి చూశాడు. అప్పటికే చూపు తగ్గుతోంది. తను చూశాడో, చూశాననుకున్నాడో ఆయనకే అనుమానం. అందుకని ఏం కనిపిస్తుందో ముందుగా నాకు చెప్పలేదు. పొడిని ఆసిడ్‌లో కడిగి, మల్లుగుడ్డలో వడగట్టి, ఆరబెట్టి, నూనెచుక్కలో వేసి స్లైడు చేయించాడు. ప్రతి పనికీ నా భుజం దగ్గరే నిలబడ్డాడు.

"ఏం చూస్తాండావు?"

"నలకలు."

"శానా నలకలుంటాయి. ఎట్లుండాయి?"

గుండ్రటివి కావు, పలకలుగా కోసినట్లూ లేవు. వంపు తిరిగిన పల్చటి పెంకులు. కొన్ని మూడు కొమ్మల పంగలకర్రలా ఉన్నాయి.

"బల్బు కింద పడి పగిలితే పెంకులుంటాయే, ఆ మాదిరి ఉండాయి," అన్నాను.

ఆయన నా భుజం మీదుగా వంగాడు.

"పైపలక పెట్టు. మెరుస్తాండాయా?"

"లేదు. నల్లగైపోయినాయి. ఎటు తిప్పినా నల్లగానే ఉండాయి."

"గాజు," అన్నాడు. "నురుగు కృపా అది. రాయి కరిగి నురుగై, ఆ బుడగలు పేలినాయి. ఆ బుడగల పెంకులే నువ్వు చూస్తాండేది."

నన్ను లేపి నిలబెట్టి రెండు చేతులా నా ముఖం పట్టుకున్నాడు. నేను చెప్పేదాకా తను చూసింది నిజమని నమ్మలేదట. సాయంత్రం స్నానం చేస్తూ కీర్తన పాడాడు. గొంతు అంత బాగుండదు. వీధిలోకి వినపడింది.

మార్చి 20

అత్తగారి ఊరికి పోయి వచ్చాను. ఆయన అన్న, పెద్దన్న బావ, మా మెట్టచేలో కొత్తబావి తవ్విస్తున్నాడు. మూరెడు లోతుకొక మట్టి మూట కట్టిపెట్టమని, మూటకు ఎన్ని ముళ్ళుంటే అన్ని మూరల లోతని గుర్తు పెట్టమని ఈయన చెప్పిన మాట అప్పజెప్పాను. జుర్రేరుకు అంత దూరంలో, బద్వేలు పక్కన, మా బావిలో ఒకే ఒక్క లోతులో ఆ పెంకులు దొరికి, పైనా కిందా దొరక్కపోతే, అది గడ్డి కాలినది కాదు. ఒక్క పర్యాయం పైనుంచి పడినది.

బావతో ఇంకొక మాట కూడా చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

మార్చి 27

"ఆపరేషన్ అయినాక మొట్టమొదట మన బావిమట్టే చూస్తా," అన్నాడు. "నువ్వు స్లైడ్లన్నీ చేసి పెట్టు."

సరే అన్నాను.

ఏప్రిల్ 12

ఈస్టరు అయిన మర్నాడు బయలుదేరి బావ ఈ రోజు వచ్చాడు. బస్సు పైన గోనెసంచుల్లో మట్టి మూటలు. వాటిని వసారాలో కడపబండల మీద వరుసగా పేర్చాడు. ఆయన చాపమీద కూర్చుని ఒక్కొక్క మూట ఒళ్ళోకి తీసుకుని ముళ్ళు తడుముతూ చిన్నపిల్లవాడిలా మురిసిపోయాడు. నీళ్ళు యాడ పడినాయి, రాయి యాడ తగిలింది, మట్టి రంగు యాడ మారింది అని అన్నను ఒకటే అడగడం.

భోజనాలకు కూర్చున్నారు. నేను మజ్జిగ తేవడానికి లోపలికి పోయాను. బావ గొంతు వినపడింది. ఆయనకు మెల్లగా మాట్లాడడం రాదు.

"నాయనా లేవీ, నా మాట ఇను. కండ్లు ఇంగ రావని అంత పెద్ద డాక్టరే చెప్పినాక ఈ కర్నూల్లో నీకేం పని? ఊరికి రా. బావిలో నీళ్ళు పడినాయి. నేనుండా, మీ వదినుండాది. నీకేం తక్కువ చేస్తామా?"

నేను చెంబుతో గడప దగ్గరికి వచ్చేటప్పటికి ఆయన చెయ్యి అన్నంలో ఆగి ఉంది.

"ఎవరు చెప్పినారన్నా?"

"కృపమ్మే చెప్పింది గదా, ఊరికొచ్చినప్పుడు." బావ నా వైపు చూశాడు, మళ్ళీ తమ్ముడి వైపు చూశాడు. "నీకు తెల్దా?"

ఆయన అన్నం కలుపుకుని మొత్తం తిన్నాడు. మజ్జిగ పోయించుకున్నాడు. చేయి కడుక్కుని వచ్చి నా ఎదురుగా నిలబడి, నేను నిలబడిన చోటుకు కొంచెం పక్కకు చూస్తూ అడిగాడు.

"డాక్టరు ఏమన్నాడు? ఆయన నోట్లో మాట, ఇంగ్లీషు మాటే, అట్లే చెప్పు."

చెప్పాను.

ఏప్రిల్ 13

డాక్టరు వేసవి అనలేదు. ఆపరేషను అనలేదు. ఆయన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, కంటినరం ఎండిపోయిందమ్మా, చాలా ఆలస్యంగా వచ్చారు, మిగిలిన కాస్త వెలుగూ ఈ ఏడాదితో పోతుంది అన్నాడు. తలుపు తీసుకుని బయటికి వచ్చాను. నా చెప్పుల చప్పుడుకే ఆయన లేచి నిలబడి ముఖం ఇటు తిప్పాడు. ఆ ముఖం చూసి నోటికి ఏది వస్తే అది చెప్పాను. వేసవి పోతే ఆపరేషను అని చెప్పాను. ఇంటికి వచ్చి దీంట్లో కూడా అదే రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో. మర్నాడు మళ్ళీ రాశాను.

బావ పొద్దున బస్సుకు పోయాడు. పోతూ పోతూ నన్ను చూసి తల పట్టుకున్నాడు. "నేను పాపిష్టోణ్ణి తల్లీ, నోరు పట్టుకోలేకపోతి." ఆయన తప్పేముంది?

ఏప్రిల్ 15

రెండు రోజులకు నోరు విప్పాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇంగేమేమి చెప్పినావు అట్లా?"

"ఇంకేమీ లేదు. అదొక్కటే."

"జుర్రేరు పొడిలో బల్బు పెంకులు?"

"అయ్యో, అది నిజం. నేను చూసినా."

"నాకు సంతోషమయ్యే మాట ఏదో నీకు తెలుసు గదా, కృపా."

"బుడగలని మీరు నాకు ముందుగా చెప్పలేదు. నేనెట్లా కల్పిస్తా?"

"ఏడాదిగా ఇంట్లో అదే పాట పాడతాండా. చెప్పలేదని నేననుకున్యా." ఆగి అన్నాడు, "నువ్వు చెడ్డదానివని అనడంలా. మంచిదానివి గాబట్టే."

ఏప్రిల్ 24

సెలవులిచ్చారు. మూటలు కడగడం మొదలుపెట్టాను. ఆయన వద్దనలేదు, చెయ్యమనీ అనలేదు. ఆసిడ్ వాసనకు లేచి బయటికి పోతాడు.

ఏప్రిల్ 28

ఏమీ లేదు.

మే 2

ఏమీ లేదు. ఇసుక, సున్నం, గడ్డి తాలూకు నలుసులు. గడ్డి నలుసూ నల్లగానే అవుతుంది కానీ దాని ఆకారమే వేరు. ఒద్దికగా, రంపపు పళ్ళలా, ఎవరో పేర్చినట్లు ఉంటుంది. ఇప్పుడు ఆ తేడా నా కంటికి తెలుస్తోంది. చెప్పుకోవడానికి మనిషి లేడు.

మే 5

ఏమీ లేదు. ఆయన జీతం లేని సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. గోడ పట్టుకుని నడవడం నేర్చుకుంటున్నాడు. నేను చూడనప్పుడు.

మే 10, మంగళవారం

ఏడు ముళ్ళ మూట.

స్లైడు మీద ఇసుక మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి. వంపు తిరిగిన పెంకు. పంగలకర్ర. పైపలక పెట్టాను, నల్లబడింది. తిప్పాను. నల్లగానే ఉంది. ఇంకొక స్లైడు చేశాను. దాంట్లోనూ ఉన్నాయి. ఆరు ముళ్ళ మూట మళ్ళీ తీసి చూశాను, లేవు. ఎనిమిది ముళ్ళది తీశాను, లేవు. ఉత్త కంటితో చూస్తే ఆ ఏడు ముళ్ళ మట్టి మిగతా మట్టిలాగే ఎర్రగా ఉంటుంది. ఎవరూ ఆనవాలు పట్టలేరు. ఆయన చెప్పినట్లే, మన చేలో కూడా పడింది.

లేచి ఆయన దగ్గరికి పరిగెత్తాను. వసారాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ఏమేమి చెప్పానో నాకే తెలియదు, అంతా ఒకేసారి చెప్పేశాను. వింటూ ఉంటే ఆయన ముఖం మొదట వెలిగింది. నేను చూశాను, నిజంగా వెలిగింది. తరవాత దానంతట అదే ఆరిపోయింది. చిన్నగా నవ్వాడు.

"శానా బాగా చెప్పినావు. నేను నేర్పిన మాట ఒక్కటీ మర్చిపోలేదు."

"ఒట్టు. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్తా."

"దేవుణ్ణి దీంట్లోకి లాగొద్దు."

"అయితే మీరే పరీక్ష పెట్టండి. మీ చేత్తో ఏదో ఒక మూటలోంచి మట్టి తీసి నాకివ్వండి. ఏ మూటో చెప్పొద్దు. నేను చూసి పెంకులుండాయో లేవో చెప్తా."

కాసేపు ఆలోచించాడు.

"ఒక్కొక్క మూరకు ఒక్కొక్క రంగుంటాది మట్టి. నువ్వు కడిగి ఆరబెట్టిందానివి. చూస్తూనే నీకు తెలీదా ఏ మూటదో?"

తెలుస్తుంది. దీనికి అబద్ధం చెప్పలేకపోయాను.

మే 12

వెంకటేశ్వర్లు సారును నేనే పోయి పిలుచుకుని వచ్చాను. బాధపడుతూ వచ్చాడు. ఈయన్ను చూసి చాలా రోజులైందట, గుమ్మంలోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఏమప్పా లేవీ అంటూ పక్కన కూర్చుని ఆఫీసు కబుర్లు చెప్పాడు. నేను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచాను. సారు వంగి చూశాడు. ఒక్క క్షణం. లేచాడు.

"అవునప్పా! నువ్వు చెప్పినట్లే ఉండాది. అచ్చం అట్లే ఉండాది. నేనే పొరపాటు పడినా."

నాకు ఆనందంతో ఏడుపొచ్చింది. చాపమీద ఈయన కదలకుండా కూర్చున్నాడు.

"సార్, మీకు అద్దాలు లావు గదా?"

"అవునప్పా."

"మీరు కూర్చుంటే ఆ మైక్రోస్కోపు మర తిప్పకుండా ఏమీ కనపడదు. కృప కన్నుకూ మీ కన్నుకూ శానా తేడా. తిప్పితే కిర్రుమంటాది అది. స్కూలుది, పాతది." ఆగాడు. "నాకు వినపడలేదు సార్."

సారు తల దించుకున్నాడు. అప్పుడు మళ్ళీ కూర్చుని, మర తిప్పి, కిర్రుమనిపించి, ఎంతో సేపు చూశాడు. "లేవీ, నిజంగానే ఏవో పెంకుల మాదిరి..." అన్నాడు.

"శానా సంతోషం సార్. కాఫీ తాగి పోండి."

అంత మర్యాదగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

మే 13

సారు మీద కోపం రాలేదు. ఆయన చేసింది నేను మద్రాసులో చేసిందే.

మే 29

చూపు లేదని పింఛను ఇచ్చి పంపుతారట. ఆయన ఊరికి పోతానన్నాడు. బావ వచ్చి తీసుకుపోయాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు.

"నీ ఉద్యోగం వదులుకోవద్దు. పిల్లోళ్ళకు నువ్వు బాగా చెప్తావు."

బస్సు కిటికీలోంచి నా గొంతు ఎక్కడుందో వెతుక్కుంటూ చెయ్యి చాపాడు. నేను అందుకునేలోపు బస్సు కదిలింది. అందుకోవచ్చు. పక్కన పరిగెత్తి అందుకోవచ్చు. నిలబడిపోయాను.

మైక్రోస్కోపు స్కూలుకు తిరిగి ఇచ్చేశాను. స్లైడ్లు నా దగ్గరే ఉన్నాయి.

జూన్ 19, ఆదివారం

శనివారం ఊరికి పోయి, ఈ రోజు వచ్చాను. చింతచెట్టు కింద కిత్తనార తాళ్ళు పేనుతున్నాడు. బావ భార్య జీవమ్మక్క నేర్పిందట. వేళ్ళు కోసుకుపోయి ఉన్నాయి. బాగున్నావా అని అడిగాడు. పిల్లలు ఎంతమంది చేరారని అడిగాడు. మట్టి మాట నేనెత్తగానే తాడు మెలిక గట్టిగా బిగించాడు. ఊరుకున్నాను.

జీవమ్మక్క నన్ను సాగనంపుతూ రోడ్డుదాకా వచ్చింది. "నీ పేరు ఎత్తుకోడు గానీ శనివారమైతే పొద్దుట్నుంచీ బస్సు హారన్ ఇంటానే ఉంటాడమ్మా," అంది.

జూన్ 26

మద్రాసులో ఆయనకు చదువు చెప్పిన ప్రొఫెసరుగారికి ఈయన ఊహ సంగతి జాబులో రాసి స్లైడ్లు పంపాను. జుర్రేరు పొడి, ఏడు ముళ్ళది, దాని పైదీ కిందిదీ. దూదిలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టాను. ఏది ఏ లోతుదో రాయలేదు. ప్రొఫెసరుగారే కనుక్కోవాలి.

జూలై 17

జవాబు లేదు.

ఆగస్టు 7

లేదు. ఏడు ముళ్ళ స్లైడులో నేను చూసింది నేను చూడాలనుకున్నదేనేమో. నాకూ ఆయన జబ్బే పట్టుకుంది. నా కన్నును నేనే నమ్మలేకపోతున్నాను.

ఆగస్టు 25

వచ్చింది. స్కూలు వసారాలో నిలబడి చదివాను. మెట్ల మీద కూర్చుని మళ్ళీ చదివాను. పెద్ద టీచరమ్మ ఎవరైనా పోయారా అని అడిగింది. లేదండీ అన్నాను, ఏడుస్తూనే.

ఆగస్టు 28, ఆదివారం

అంతా వరుసగా రాస్తాను.

నిన్న మధ్యాహ్నానికి ఊరు చేరాను. చింతచెట్టు కింద ఆయన, బావ, జీవమ్మక్క ఉన్నారు. ప్రొఫెసరుగారి దగ్గర్నుంచి జాబొచ్చిందని చెప్పాను. ఆయన తాడు కిందపెట్టాడు.

"చదువు."

ఇంగ్లీషులో ఒకసారి చదివాను. బావకూ అక్కకూ అర్థమయ్యేలా తెలుగులో మళ్ళీ చెప్పాను. నాలుగు స్లైడ్లలో రెండింటిలోనే అగ్నిపర్వతపు గాజు ఉందట. ఆ రెండూ ఒకే బూడిద అట, నూనెల్లో పెట్టి చూస్తే రెండింటికీ వెలుగును వంచే గుణం ఒకటేనట. గడ్డిది కానే కాదట. అంత దూరం గాలి మోసుకొచ్చిందన్న నీ ఊహ నాకు రుచించకపోయినా, దాన్ని కాదనడానికి నా దగ్గర మాట లేదు అని రాశారు. మై డియర్ బాయ్, నీవు సరిగ్గానే చూశావు అని రాశారు. నీ పేరుతో ఒక చిన్న వ్యాసం అచ్చువేయిద్దామని రాశారు.

బావ లేచి నిలబడ్డాడు. "నేను తవ్విన మట్టే! ఆ ఏడో మూర నా చేత్తో తవ్విందే!" అక్క ప్రభువా ప్రభువా అనుకుంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆయన మాత్రం, "ఇంగొకసారి చదువు, ఇంగ్లీషుదే," అన్నాడు.

చదివాను. కళ్ళు మూసుకుని విన్నాడు. తరవాత చెయ్యి చాపి వెతికాడు, నా మోకాలు తగిలింది, అక్కణ్ణుంచి నా చెయ్యి పట్టుకున్నాడు. ఏప్రిల్ తరవాత ఇదే మొదటిసారి.

"బాగా రాసినావు కృపా."

నాకు మొదట అర్థం కాలేదు.

"నేను రాయడమేంది? ప్రొఫెసరుగారు రాసింది."

"సరే. ఆయనే రాసినాడు." ముఖం నిండా నవ్వు. ఎంత ప్రేమగా నవ్వాడో. "మై డియర్ బాయ్ అనే మాట ఆయనదే. నేనెప్పుడు చెప్పినానో, యాద్ పెట్టుకున్నావే. గాలి సంగతి ఒప్పుకోకుండా ఒప్పుకోవడం కూడా అచ్చం ఆయన మాదిరే. ఎన్ని దినాలు కూర్చుని రాసినావు?"

"మీ కాళ్ళు పట్టుకుంటా, ఇది నేను రాసింది కాదు. రేపు ఆదివారం గదా, చర్చికి పాస్టరయ్య వస్తాడు. ఆయనకు ఇంగ్లీషొస్తుంది, ఆయనతో చదివిస్తా."

"వద్దు. ఆ ముసలాయనతో కూడా ఎందుకు నాటకం ఆడిస్తావు పాపం?" నా వేళ్ళు నిమిరాడు. "నీ నోటితోనే బాగుండాది. నాకిప్పుడు కోపం లేదు కృపా. మద్రాసులోది కూడా మర్చిపోయినా. ఇంత చేసే మనిషి మీద ఎవరికి కోపముంటాది?"

బావ నా వైపు చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ చూపులో కూడా ప్రశ్నే. ఆ కాగితం నిజంగా మద్రాసు నుంచి వచ్చిందా అని.

నేనింక వాదించలేదు. వాదిస్తే ఆ చెయ్యి వదిలేస్తాడేమోనని.

ఆగస్టు 29

స్కూల్లో పాఠం చెప్పాను. ఏ పాఠమో గుర్తులేదు.

సెప్టెంబరు 18

వ్యాసం ప్రొఫెసరుగారే కుదించి రాసి పంపారు. లేవిగారి సంతకం కావాలట. నిన్న ఊరికి తీసుకుపోయి ఆయన చేతికి కలమిచ్చి కాగితం మీద చోటు చూపించాను. ఎందుకని అడగలేదు. ఇదీ నా నాటకమే అనుకున్నాడు. నా కోసం తనూ ఆడాడు. పేరు మొత్తం, డిగ్రీతో సహా రాశాడు. గీత కొంచెం పైకి పోయింది.

"చాలునా?"

"చాలు."

రాయి మీద పరిచిన ఆ కాగితం ఎగిరిపోకుండా నేను అరచేత్తో అదిమి పట్టుకున్నాను.

అక్టోబరు 23, ఆదివారం

వానలు పట్టుకున్నాయి. ఎండకూ నీడకూ తేడా కూడా ఇప్పుడు తెలియడం లేదట. జీవమ్మక్కతో చెప్పాడు, నాతో చెప్పలేదు.

నేను పోయినప్పుడల్లా మధ్యాహ్నం భోజనాలయ్యాక జాబు చదవమంటాడు. మడతల దగ్గర కాగితం చిరుగుతోంది. నిన్న బస్సులో తడిసి, అలిసిపోయి, తొందరగా చదివేశాను.

"గాలి మాట వదిలేసినావు," అన్నాడు.

చూసుకుంటే నిజమే, ఒక వాక్యం దాటేశాను.

"అది బాగా రాసినావు. అది వదలొద్దు."

మళ్ళీ మొదటినుంచి చదివాను.